గీత పేడుతో లేచిపోవాలి

పోయిన నెల ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. కొయ్యబొమ్మలు చెక్కే మాధవమాల ఊరివాడే, ఇరవై రెండేళ్ళుంటాయి. గోనెపట్టాలో చుట్టి తెచ్చిన పలకను పంచలో నా ముందు విప్పి పెట్టాడు. వేపచెక్క, రెండడుగుల ఎత్తు. పద్మాసనంలో కూర్చున్న తిరుచానూరు అమ్మవారు. పై రెండు చేతుల్లో తామరలు, కింది చేతుల్లో ఒకటి అభయం, ఒకటి వరదం. ఉలి పని చూస్తే నా మనసు నిండింది. తామర రేకులు ఒకదాని వెనక ఒకటి ఒదిగి కూర్చున్నాయి. మడిచిన మోకాలి మీద చీర కుచ్చిళ్ళు జారిన తీరు చూస్తే బట్టను పట్టుకొని సర్దాలనిపించింది. కానీ ముఖం చూశాక నాకు నోట మాట రాలేదు. లేత చెక్క మీద బూడిద పూసినట్టుంది. ముక్కు పక్కన ఒక చార, రేకుల సందుల్లో నల్లటి జీరలు, చెంప మీద గులాబీ రంగు మరక.

"తాతా, పెన్సిల్ గీతలు పోలేదు" అన్నాడు తలొంచుకొని.

"దేంతో రుద్దినావు?"

"మొదట రబ్బరుతో. పోకపోతే ఉప్పుకాగితంతో. ఆ పైన తడిగుడ్డతో."

"ఇంగా?"

కాసేపు మాట్లాడలేదు. "కొంచెం నూనె పూసినాను తాతా, రంగులో కలిసిపోతుందని."

నాకు కోపం వచ్చింది. ఇంత మంచి చెయ్యి ఉన్న పిల్లవాడికి గీత ఎట్లా గీయాలో చెప్పే పెద్దవాడు ఒక్కడు లేకపోయాడే అని వచ్చిన కోపం అది. ఉలి పట్టడం నేర్పినవాళ్ళు పెన్సిల్ పట్టడం నేర్పలేదు. ఇప్పుడు మా పనిలో పిలకాయలు పడే సగం అవస్థ ఇక్కడే మొదలవుతోంది.

మా రోజుల్లో పెన్సిల్ అంటే పెట్టెలో దాచుకునే వస్తువు. మా నాయన ఒక పెన్సిల్‌ను రెండు ముక్కలు చేసి, ఒకటి నాకు, ఒకటి మా అన్నకు ఇచ్చేవాడు. అది కూడా వెంటనే కాదు. మొదట ఇసుకలో గీయాలి. తర్వాత పలక మీద బలపంతో. ఆ తర్వాత పనికిరాని చెక్కముక్కల మీద. చేతి బరువు తగ్గిందని ఆయనకు నమ్మకం కుదిరాకే పెన్సిల్ చేతికి వచ్చేది. పెన్సిల్ చెక్క మీద నడవాలిరా, దున్నకూడదు అనేవాడు.

సాయంత్రం పని ముగిశాక ఆయన చేసే పని ఒకటి ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. మేం చెక్కిన బొమ్మను ముందు చూసేవాడు కాదు. గొంతుక్కూర్చుని నేల మీద రాలిన పేళ్ళు ఏరేవాడు. ఒక్కో పేడునూ వెలుతురుకు తిప్పి చూసేవాడు. దాని మీద పెన్సిల్ గీత కనిపిస్తే పక్కన పెట్టేవాడు. గీత తెగకుండా పేళ్ళ మీదికి వచ్చేసిందంటే ఆ రోజు పని బాగున్నట్టు. పేళ్ళ మీద గీత లేదంటే అది ఇంకా చెక్క మీదే ఉంది, అంటే నువ్వు గీయకూడని చోట గీశావు. "గీత పేడుతో లేచిపోవాల. బొమ్మ మీద మిగిలిపోయిన గీత నీ తప్పుకు సాక్షి" అనేవాడు. పెన్సిల్ గీత తుడిచే విద్య మాకు ఎవరూ నేర్పలేదు. తుడవాల్సిన గీత గీయకుండా ఉండే విద్య నేర్పారు.

ఇది చెబితే ఈ కాలం పిల్లలకు అర్థం కావడానికి కొంత సేపు పడుతుంది. కొయ్య పనిలో గీత తీసేసే భాగంలో ఉండాలి, ఉంచే భాగంలో కాదు. చెంప గుండ్రాన్ని గీయాలంటే చెంప మీద గీయకూడదు, చెంప పక్కన ఉలి తినబోయే చెక్క మీద గీయాలి. ఒక పొర తీయగానే ఆ గీత పోతుంది. అప్పుడు మళ్ళీ గీసుకోవాలి. ఇంకో పొర తీస్తే అదీ పోతుంది. మధ్యన నిలువుగా వచ్చే బ్రహ్మసూత్రాన్ని ఒక్క బొమ్మకు ఎన్నిసార్లు గీసి ఉంటామో లెక్కలేదు. ప్రతిసారీ పలచగా, దారం ఆనించినట్టు, అంతే.

మరి ఇప్పటివాళ్ళు ఎందుకు అంత నల్లగా, అంత లోతుగా గీస్తున్నారు? నేను ఎంతో ఆలోచించాను. గీత పోతుందని భయం. పోతే మళ్ళీ గీయడానికి కొలత మనసులో లేదు. పెరుమాళ్ళ బొమ్మకు ఉత్తమ దశతాళమనీ, శిరస్సు నుంచి పాదం దాకా 124 భాగాలనీ, అమ్మవారికి మధ్యమ దశతాళం, 120 భాగాలనీ మాకు ఎక్కాలతో పాటు వచ్చాయి. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. కొలత తెలిసినవాడికి గీత పోతే బాధ లేదు. ఇప్పుడు ఫోన్‌లో ఒక బొమ్మ చూసి, దాన్ని అచ్చు తీసి, కింద కార్బన్ కాగితం పెట్టి, బాల్ పెన్నుతో అదిమి దిద్దుతున్నారు. ఆ ఒక్క గీతే వాళ్ళకు ఆధారం. అది చెరిగిపోతే దారి పోయినట్టే. అందుకే దాన్ని చెక్కలోకి దిగేసేంత గట్టిగా గీస్తారు. పెన్సిల్ మరక అని నా దగ్గరికి తెచ్చేది నిజానికి కొలత మరిచిపోయిన మరక.

తిరుపతిలో దేవస్థానం వారు 1960లో మొదలుపెట్టిన శిల్ప శిక్షణ సంస్థలో రాతి పని, లోహం పని, సున్నపు గారతో చేసే సుధ పనితో పాటు కొయ్య శిల్పం కూడా నేర్పుతున్నారు. చదువుకొనే వీలున్న పిల్లలు అక్కడికి పోవాలని నేను అందరికీ చెబుతుంటాను. ఇంట్లో నాయన దగ్గర నేర్చుకొనే రోజులు పోయాక కొలతలు నిలబడాలంటే అట్లాంటి చోట్లే దిక్కు.

పెన్సిల్ చెక్కను ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుందో కూడా పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. సీసం ముల్లు అంటారు గానీ పెన్సిల్‌లో సీసం రవ్వంత కూడా లేదు. లోపల ఉండేది గ్రాఫైట్, దానికి కలిపిన బంకమన్ను. 1795లో కాంటే అనే ఫ్రాన్సు దేశస్థుడు ఈ రెండింటినీ కలిపి కాల్చే పద్ధతి కనిపెట్టాడు. మన్ను ఎక్కువైతే ముల్లు గట్టిది, తక్కువైతే మెత్తనిది. గ్రాఫైట్ పొరలు పొరలుగా జారుతుంది. అందుకే కాగితం మీద అంత నున్నగా నడుస్తుంది. అదే పొడి, పాలిష్ పడని పచ్చి చెక్క మీద పడితే, జారి నారల సందుల్లోకి, సన్నటి రంధ్రాల్లోకి దిగుతుంది. మీద మీద ఉన్నంతసేపు అది మన మాట వింటుంది. రుద్దడం మొదలుపెట్టామా, ఇంకా లోపలికి పోతుంది.

ఆ కుర్రాడు చేసిన ఒక్కో పనీ ఆ పొడిని ఇంకాస్త లోపలికి నెట్టింది. రంగు రబ్బరుతో రుద్దితే గీత సాగి చారయింది, రబ్బరు రంగు చెంపకు అంటుకుంది. ఉప్పుకాగితం పెడితే చెక్కపొడి, గ్రాఫైట్ పొడి కలిసి బూడిదయి రంధ్రాల్లో కూరుకుపోయింది. అందులోనూ వాడింది నల్ల కాగితం, దాని రవ్వలు కూడా లేత చెక్కలో చిక్కుకున్నాయి. తడిగుడ్డ పెడితే నార లేచి నూగు వచ్చింది. ఆ నూగు కింద మరక దాక్కుంది. చివర్న నూనె పూస్తే తలుపు మూసి తాళం వేసినట్టయింది.

శ్రీకాళహస్తి ఎంత దూరం మాకు? అక్కడి కలంకారీ పనివాళ్ళను చూసైనా నేర్చుకోవచ్చు. గుడ్డ మీద బొమ్మకు మొదటి గీత వాళ్ళు చింత బరికెను కాల్చిన బొగ్గుతో గీస్తారు. ఆ బొగ్గు గుడ్డ మీద ఉండీ లేనట్టు ఉంటుంది, దులిపితే రాలుతుంది, ఉతికితే పోతుంది. పోవాల్సిన గీతకు పోయే వస్తువే వాడాలనే తెలివి అది. మేము కూడా పెద్ద పలకల మీద మొదటి రూపానికి బొగ్గే వాడేవాళ్ళం. ఎర్రచందనం మీదైతే సుద్ద. సన్నటి పనికి బొమ్మ గీసిన కాగితాన్నే చింతగింజల జిగురుతో అంటించేవాళ్ళం. కాగితంతో సహా పై పొర లేచిపోయేది. చెక్కకు గీత తగిలేదే కాదు.

కాపీయింగ్ పెన్సిల్ అని ఒకటి ఉండేది. కచేరీల్లో, గుమాస్తాల చెవుల మీద కనిపించేది. దాన్ని మా నాయన పనిచోటికి రానిచ్చేవాడు కాదు. చూడ్డానికి మామూలు పెన్సిలే, కానీ తడి తగిలితే ఊదా రంగు విప్పుకుంటుంది, ఇక ఆ చెక్క ఎందుకూ పనికిరాదు. ఇప్పుడు దాని స్థానంలో బాల్ పెన్ను, స్కెచ్ పెన్ను వచ్చాయి. అవి పచ్చి చెక్క మీద పెట్టడం తెల్ల పంచె మీద తాంబూలం ఉమ్మడమే.

ఎర్రచందనం సంగతి వేరు, అది నాకు ప్రాణంతో సమానం కాబట్టి విడిగా చెబుతాను. ఈ చెట్టు తనంతట తాను పెరిగేది లోకమంతటిలో మన తూర్పు కనుమల దక్షిణపు కొసనే. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల. స్వామివారి కొండల చుట్టుపక్కలే దాని ఇల్లు. చేవ ముక్కను నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది, అంత బరువు. 1995 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద దాని వ్యాపారం మీద కట్టడి ఉంది. అటవీశాఖ కాగితం లేకుండా ముక్క ముట్టుకోవడానికి లేదు, అది న్యాయమే. దొంగలు చేసిన పాపానికి చెక్కేవాళ్ళం కూడా చెయ్యి కట్టేసుకున్నాం. అందుకే ఇప్పుడు మా పక్క టేకు, వేప, నిద్రగన్నేరు మీదే ఎక్కువ పని నడుస్తోంది. దొరికిన చారెడు ఎర్రచందనం మీద నల్లగా గీసి, ఆ గీత పోవడానికని ఉప్పుకాగితంతో అరగదీసి పొడి చేస్తుంటే నా కడుపు తరుక్కుపోతుంది.

దానికి ఇంకో గుణం ఉంది. దాని ఎరుపు నీళ్ళకు రాదు, స్పిరిట్‌కు వస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని బొమ్మలు పాడయ్యాయో! మా వీధిలో ఒక కోడలుపిల్ల పెళ్ళయిన కొత్తలో తిరుమల వెళ్ళి, ఒక దుకాణంలో ఎర్రచందనం జంట బొమ్మలు, స్వామినీ అమ్మవారినీ, కొనుక్కొచ్చింది. బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో ముందుగా మెట్టెక్కేది ఈ జంటే కదా. దుకాణంవాళ్ళు అమ్మవారి పీఠం మీద ముందు వైపే పెన్సిల్‌తో ధర అంకెలు గీకారు. ఆ పిల్ల దేవుడి బొమ్మ మీద ధర ఏమిటని బాధపడి, గోళ్ళ రంగు తుడిచే మందులో దూది ముంచి తుడిచింది. అంకెలు పోయాయి. దూది ఎర్రగా వచ్చింది. పీఠం మీద పాలిపోయిన మచ్చ మిగిలింది. నా దగ్గరికి ఏడుస్తూ తెచ్చింది. ఆ చెక్క గాలికీ వెలుతురుకూ కొన్నేళ్ళలో ముదురుతుంది, మచ్చ కూడా దానితో కలిసిపోతుంది, ఏమీ చెయ్యొద్దమ్మా అని చెప్పి పంపాను. మా తాత కాలంలో, 1944లో కొండకు మోటారు దారి పడకముందు, బొమ్మల మూట నెత్తిన పెట్టుకొని అలిపిరి మెట్లెక్కేవారు. అమ్మేటప్పుడు ధర నోటితో చెప్పేవారు. బొమ్మ మీద ఎవరూ రాయలేదు. రాయాలనే ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

తిట్టి ఊరుకోవడం పెద్దరికం కాదు. మరక పడ్డాక ఏం చేయాలో కూడా చెబుతాను, పిల్లలు గుర్తు పెట్టుకోవాలి.

మొదట దేన్నీ రుద్దకండి. మెత్తటి పొడి బ్రష్షుతో నార వెంట దులపండి. పైన పైన ఉన్న పొడి సగం అక్కడే పోతుంది. తర్వాత తెల్లటి మెత్తని రబ్బరు తీసుకోండి, రంగుది వద్దు. దాన్ని గీత మీద అద్ది ఎత్తండి, లేదా నార వెంట ఒకే వైపు తేలిగ్గా లాగండి. మొన నల్లబడగానే కోసి పారేయండి, నల్లబడిన రబ్బరు ఇంకో పెన్సిలే. రబ్బరు పుట్టకముందు దొరలు రొట్టె మెత్తతో గీతలు తుడిచేవారట. బన్ను లోపలి మెత్తటి భాగాన్ని ముద్ద చేసి సందుల్లో అద్దితే ఇప్పటికీ పని చేస్తుంది. ఒక్క రేణువు మిగలకుండా దులపాలి, లేకపోతే పురుగులకు విందు.

అప్పటికీ పోకపోతే గీకాలి. పగిలిన గాజుపెంకు అంచు గానీ, పదునైన ఉలి అంచు గానీ నిలువుగా పట్టి, నార వెంట, ఉల్లిపొర మందాన. ఉప్పుకాగితం పొడిని లోపలికి తోస్తుంది, గాజు దాన్ని చెక్కతో సహా పైకి ఎత్తుతుంది. తేడా అంతే. మా నాయన నున్నదనానికి బరివెంక ఆకు వాడేవాడు, అది కూడా గీతలన్నీ లేచిపోయాక. నునుపు చేయడం చివరి పని. దాన్ని మొదటి పని చేసినవాడు మరకకు నునుపు చేస్తాడు.

లేత చెక్కల మీద, వేపో నిద్రగన్నేరో అయితే, మిగిలిన బూడిద ఛాయను స్పిరిట్‌తో తీయవచ్చు. పుల్లకు దూది చుట్టి, తడిపి, పిండి, మరక మీద దొర్లించాలి. ప్రతిసారీ కొత్త దూది. ముందుగా బొమ్మ వెనక ఒక మూల పరీక్ష చేయాలి. ఎర్రచందనం దగ్గరికి స్పిరిట్ సీసా తీసుకుపోవద్దు. దానికి దులపడం, అద్దడం, గీకడం, ఈ మూడే. గట్టి ముల్లుతో అదిమి గీసి చెక్క గుంట పడితే, లేత చెక్క మీద ముందు నలుపంతా తీసేసి, తర్వాత తడిగుడ్డ ముక్క వేసి వేడి ఇస్తే నలిగిన నార ఉబ్బి లేస్తుంది. నలుపు తీయకుండా తడి పెట్టవద్దు. ఇక నూనె, మైనం, లక్క, ఏదైనా సరే, మరక పూర్తిగా పోయాకే. మెరుగు పెడితే మరక కనపడదనుకోవడం తప్పు. మెరుగు కింద అది ఇంకా బాగా కనపడుతుంది.

ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. కంప్యూటర్‌లో బొమ్మ పెడితే యంత్రమే తొలిచేస్తుంది. దానికి పెన్సిల్ అక్కర్లేదు, మరకా పడదు. ఆ బొమ్మలన్నీ ఒకే ముఖంతో వరుసగా నిలబడి ఉంటాయి. యంత్రానికి చెక్క నార ఎటు తిరిగిందో పట్టదు, కణుపు దగ్గర ఆగి ఆలోచించదు. చేతి పని నిలబడాలంటే చేతి పనిలో శుభ్రం ఉండాలి. బూడిద పూసిన ముఖాన్ని అమ్మకానికి పెడితే కొనేవాడు యంత్రం బొమ్మే మేలంటాడు. అప్పుడు తప్పు యంత్రానిది కాదు, మనది.

ఆ కుర్రాడి పలక మీద మూడు సాయంత్రాలు పట్టింది. నూనె పడ్డ చోట పై పొర గాజుపెంకుతో తీయక తప్పలేదు. రేకుల సందుల్లోది దూది పుల్లలతో అతనే తీశాడు. ఎన్ని పుల్లలు వాడాడో లెక్క పెట్టలేదు గానీ, పంచ మూల నల్లబడిన దూది కుప్ప పడింది. చెంప తెల్లబడింది. బూడిద కింద నుంచి అమ్మవారు బయటికి వచ్చింది.

కళ్ళు ఇంకా మిగిలాయి. వాటిని అతను చెక్కలేదు, నల్లగా గీసి మాత్రం ఉంచాడు. ఆ గీతలు గీకేసి, మా ఇంట్లో ఉన్న ముక్క పెన్సిల్ ఇచ్చాను. "రెండు చుక్కలు పెట్టు. వాటి మధ్య రెప్ప గీత ఒక్కటి. ఊపిరి బిగబట్టి గీయి, అదమద్దు" అన్నాను. గీశాడు. దగ్గరికి వంగితే తప్ప నాకు కనపడలేదు. అట్లాగే ఉండాలి. ఉలి తీసుకొని ఎడమ రెప్ప కింద పొర లేపాడు. గోరంత పేడు చుట్ట తిరిగి నేల మీద పడింది. నేను వంగి తీసి వెలుతురుకు పట్టాను. దాని మీద సన్నగా, తెగకుండా, గీత ఉంది. ఏమీ అనకుండా అతని అరచేతిలో పెట్టాను. చాలాసేపు చూసుకున్నాడు.

తర్వాత కుడి కన్ను. పేడు పడింది. ఈసారి నేను వంగలేదు, అతనే తీసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. గీత కొసన తెగి ఉంది. పేడును పక్కన పెట్టి, పలక మీదికి వంగి, కంటి కొస దగ్గర వెంట్రుకవాసి మిగిలిన నలుపును వెతికి పట్టుకున్నాడు. రబ్బరు పక్కనే ఉంది. దాని వైపు చూడలేదు. ఉలికి పదును సరిచూసుకొని మళ్ళీ కూర్చున్నాడు.